డబల్ ప్రమోషన్

నేను నాలుగో తరగతి చదవలేదు. మూడు నుంచి నేరుగా ఐదులో కూర్చున్నాను. 1971లో, కోయిలకుంట్ల దగ్గర మా ఊరి బడిలో. ఐదో తరగతి పిల్లలకిచ్చిన వడ్డీ లెక్క ఒకటి నేను నా పలకమీద చేసుకుంటుంటే ఐవారు చూశారు. ఇంకో రెండు లెక్కలిచ్చి చేయించారు. మర్నాడు మా నాయనను పిలిపించి, "ఈ పిల్లకు డబల్ ప్రమోషన్ ఇస్తాండా" అన్నారు. ఆ మాట మా వీధిలో చాన్నాళ్లు తిరిగింది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఐదో తరగతిలో మా అన్న ఉన్నాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం ఒకే గదిలో, ఒకే లెక్క చేయాలి. వారం తిరక్కుండానే మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది: "అన్నకంటే ముందు నువ్వు లెక్క చూపిస్తే వాని మొగం ఏం కావాలమ్మీ? కొంచెం ఆగు." అందుకని ఆగేదాన్ని. లెక్క అయిపోయినా పలక ఒళ్లో బోర్లా పెట్టుకుని, వాడు లేచేదాకా చూసి, ఆ తర్వాత లేచేదాన్ని. డబల్ ప్రమోషన్ ఇచ్చిన బడిలోనే నెమ్మదిగా ఉండటం నేర్చుకున్నాను. మా అన్నకు ఈ సంగతి యాభై ఏళ్ల తర్వాత చెబితే నమ్మలేదు.

1974లో అన్నకు కొడిగెనహళ్లిలో సీటొచ్చింది. ఆ రోజుల్లో రాయలసీమలో ఆ పేరు మంత్రంలా వినిపించేది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి ఆంధ్రప్రదేశ్ రెసిడెన్షియల్ స్కూలు మొదలైంది. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో ఒకటి, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఒకటి. ప్రాంతానికొకటి. పల్లెల్లో పుట్టిన తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి, తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి, మంచి ఉపాధ్యాయుల మధ్య పెంచాలన్నది ఆలోచన. అదే 1972లో, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా, కర్నూల్లో సిల్వర్ జూబ్లీ కాలేజీ పెట్టారు. మూడు ప్రాంతాల నుంచీ ప్రతిభ ఉన్న విద్యార్థుల్ని ఒకచోట చేర్చే కాలేజీ అది. ఆ బడుల నుంచి ఐఏఎస్‌లు, డాక్టర్లు, సైంటిస్టులు వచ్చారు. పశువులు కాసుకునే పిల్లవాడు కలెక్టరయ్యాడన్న కథ మా జిల్లాల్లో అబద్ధం కాదు. ఆ బడుల్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. మా ఇంటి దరిద్రం తీరింది మా అన్న చదువుతోనే.

కానీ ఆ మూడు బడులూ మగపిల్లల బడులు. "పల్లెల్లోని ప్రతిభ" అని రాసుకున్నప్పుడు ఆ ప్రతిభకు గోచీ ఉంటుందా, పావడా ఉంటుందా అన్న అనుమానమే ఎవరికీ వచ్చినట్టు లేదు. మా ఇంట్లోనూ రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. అన్న రేకు పెట్టె సర్దుకుంటుంటే అందులో మరమరాల మూట పెట్టింది నేనే. మా ఇద్దరి మార్కులకూ తేడా నాలుగో ఐదో. అది కూడా నేను ఆగితే వచ్చిన తేడా.

హైస్కూలు మా ఊళ్లో లేదు. పొరుగూరికి నడిచిపోవాలి. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు పదకొండేళ్లు. క్లాసు దూకించిన ఏడాది నాకు మిగిల్చింది ఏమిటంటే, ఇంట్లో కూర్చోవడానికి ఒక ఏడాది ఎక్కువ. 1978 ఎండాకాలంలో పెళ్లి చేశారు. ఆడపిల్ల పెళ్లి వయసును పదిహేను నుంచి పద్దెనిమిదికి పెంచుతూ చట్టం మారిన సంవత్సరం అది. నాకు సరిగ్గా పదిహేను.

1981లో చంకలో కొడుకుతో పుట్టింటికి తిరిగొచ్చాను. ఎందుకన్నది ఇక్కడ అవసరం లేదు. అట్లా తిరిగొచ్చినవాళ్లకు కారణాలు వేరు కావు. అప్పుడే ఎవరో చెప్పారు, కర్నూల్లో ఒక మహిళా సంస్థ "కండెన్స్‌డ్ కోర్సు" నడుపుతోందనీ, రెండేళ్లలో మెట్రిక్ అయిపోతుందనీ. నా రెండో డబల్ ప్రమోషన్ అది.

ఈ కోర్సు పుట్టుక గురించి నాకు తర్వాత ఎప్పుడో, సోషల్ టీచరయ్యాక తెలిసింది. ఎనిమిదేళ్ల వయసులో పెళ్లయి, ఊహ తెలిశాక ఆ పెళ్లిని కాదనుకున్న దుర్గాబాయి, జైళ్ల నుంచి బయటికొచ్చాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాసి పాసయ్యారు. ఆ తర్వాత డిగ్రీ, ఆ తర్వాత లా. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు చేసిన మొదటి పనుల్లో ఒకటి, బడి తప్పిన ఆడపిల్లల్ని అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. ఏళ్ల తరబడి బడిలో కూర్చునే తీరిక వాళ్లకు లేదు గనక దగ్గరి దారి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు దేశమంతటా బడి వయసు దాటిన స్త్రీలకోసం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. మద్రాసులో తన చుట్టూ ఉన్న నలుగురమ్మాయిలకు చేసింది దేశానికి పథకమైంది. మన తెలుగు నేలమీద హైస్కూలు చదువును కుదించి వేగంగా చెప్పే పద్ధతికి చరిత్ర రాస్తే, సర్వేలు కంటే ముందు ఈ పేజీ రావాలి. నేను చూసిన ఏ విద్యా చరిత్రలోనూ అది ఆ వరసలో లేదు. "స్త్రీ సంక్షేమం" కింద ఎక్కడో చివర ఉంటుంది.

మా క్లాసులో ఇరవై మందికి పైగా ఉండేవాళ్లం. భర్త చనిపోయినవాళ్లు, వదిలేసినవాళ్లు, వదిలేసి వచ్చినవాళ్లు. ఆల్‌జీబ్రా చెబుతుంటే ఒకామె పాలిచ్చుకుంటూ వినేది. ఇంకొకామె, ముప్పై దాటిన మనిషి, గుణకారాలు నోటితో చేసేది, కాగితం అడిగేది కాదు. సంతలో కూరగాయలమ్మిన లెక్క. రెండేళ్లలో నాలుగైదు తరగతులు మింగి పరీక్షకు కూర్చున్నాం, చాలామందిమి పాసయ్యాం. అదే పని పదమూడేళ్ల పిల్లవాడు చేసుంటే పేపర్లో ఫోటో వేసేవాళ్లు. మమ్మల్ని చూసినవాళ్లు మాత్రం "పాపం, ఏదో ఆధారం దొరుకుతుంది" అనేవాళ్లు. ఆ "పాపం" నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తెలివిని కొలిచే శాస్త్రం పుట్టిన చోట కూడా ఈ సంగతి ఇట్లాగే నడిచింది. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మగవాళ్లలోనే మేధావులూ మందమతులూ ఎక్కువగా పుడతారనీ, ఆడవాళ్లంతా మధ్యస్థంగా ఉంటారనీ ఒక సిద్ధాంతం చలామణిలో ఉండేది. లీటా హాలింగ్‌వర్త్ అనే ఆమె న్యూయార్క్‌లో టీచరుగా చేరబోతే, పెళ్లయిన ఆడదానికి ఉద్యోగం లేదన్నారు. ఆమె సైకాలజీ చదివింది. వెయ్యిమంది మగశిశువుల్నీ వెయ్యిమంది ఆడశిశువుల్నీ కొలిచిన లెక్కలు ముందుపెట్టి, ఆ తేడా పుట్టుకతో లేదని 1914లో చూపించింది. అత్యంత తెలివైన పిల్లల చదువు గురించి మొట్టమొదట పనిచేసినవాళ్లలో ఆమె ఒకరు. ఆమె పెద్ద పుస్తకం ఆమె పోయిన మూడేళ్లకు, 1942లో వచ్చింది.

సర్వేలు బడి పెట్టిన 1971లోనే జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ, లెక్కల్లో చురుకైన పిల్లల్ని ఏరి తరగతులు దాటించి కాలేజీకి పంపే పని మొదలుపెట్టాడు. 1983లో ఆయన, కెమిలా బెన్‌బో కలిసి ఒక లెక్క ప్రకటించారు. పదమూడేళ్లలోపు పిల్లల్లో లెక్కల పరీక్షలో 700 దాటినవాళ్లు పదమూడు మంది మగపిల్లలకు ఒక్క ఆడపిల్ల. ఆడవాళ్ల మెదడు అంతేనని చాలామంది సంబరపడ్డారు. తర్వాత ఇరవై ఏళ్లకు అదే లెక్క సుమారు నలుగురికి ఒకరయ్యింది. ఇరవై ఏళ్లలో మెదళ్లు మారవు కదా. పలక ఒళ్లో బోర్లా పెట్టుకునే పిల్లలు తగ్గి ఉంటారు.

నాకు టీచరుద్యోగం వచ్చాక, ఓపెన్ యూనివర్సిటీలో బీఏ, ఆ తర్వాత బీఈడీ చేశాను. 2001లో నంద్యాల వైపు ఒక బ్రిడ్జి కోర్సు క్యాంపులో కొన్నాళ్లు పనిచేశాను. బడి బయట ఉన్న పిల్లల్ని క్యాంపులో ఉంచి, కొద్ది నెలల్లో వయసుకు తగ్గ తరగతికి తయారుచేయడం ఈ కోర్సు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో గట్టిగా పట్టుకుని చేసి చూపిస్తే, తర్వాత ప్రభుత్వం అందుకుంది. మా క్యాంపుకు వచ్చిన ఆడపిల్లల్లో ఎక్కువమంది క్రాసింగు నుంచి వచ్చినవాళ్లు.

క్రాసింగంటే తెలియనివాళ్లకోసం చెబుతాను. సంకరజాతి పత్తి విత్తనం చేలో తనంతట తాను తయారుకాదు. ఒక్కో పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి. సాయంత్రంపూట మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, రేకులూ పుప్పొడి కాడలూ గోటితో గిల్లి తీసేయాలి. పొద్దున్నే మగ వరసల్లోంచి పూలు కోసుకొచ్చి, గిల్లిన వాటికి అద్దాలి. నెలల తరబడి, రోజూ. నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పొలాల్లో ఆ పనికి ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లల్ని పెట్టేవాళ్లు. తల్లిదండ్రులకు అడ్వాన్సు ముందే ముట్టేది. ఆడపిల్లల వేళ్లు సన్నమనీ, మొక్క ఎత్తుకు సరిపోతారనీ చెప్పేవాళ్లు. అసలు సంగతి, వాళ్లకు కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు. ఇండియాలో మొదటి సంకరజాతి పత్తి 1970లో గుజరాత్‌లో వచ్చింది. సర్వేలుకు ఒక ఏడాది ముందు. మగపిల్లల్ని ఏరి బడికి పంపిన కాలమూ, ఆడపిల్లల్ని ఏరి చేలోకి పంపిన కాలమూ పక్కపక్కనే నడిచాయి.

ఆ క్యాంపులో ఒక పిల్ల ఉండేది. రెండో తరగతిలో మానేసింది, మూడు కాపులు క్రాసింగు చేసింది. పన్నెండేళ్లు. వచ్చేటప్పటికి ఒత్తులు రావు. పదకొండు నెలలు తిరిగేసరికి ఏడో తరగతి పరీక్ష రాసి పాసయ్యింది. పువ్వు భాగాల పాఠం వచ్చినరోజు సైన్సు చెప్పే అబ్బాయి బోర్డుమీద మందారం గీస్తుంటే లేచి, "అది తీసేస్తేనే సార్ ఇది నిలబడేది, లేకుంటే దాని పొడి దానికే అంటుకుంటాది" అని పరాగ సంపర్కం మొత్తం చెప్పేసింది. పదకొండు నెలల్లో ఐదు తరగతులు! మేం రిజిస్టర్లో ఏం రాశామో తెలుసా? "మెయిన్‌స్ట్రీమ్ చేయబడినది." అంతే. తెలివైనదని రాసే గడే ఆ రిజిస్టర్లో లేదు. నేనూ ఒక గడి గీయలేదు.

అప్పుడే నాకు అర్థమయ్యింది. మగపిల్లవాడు తరగతులు దూకితే ప్రతిభ. ఆడపిల్ల దూకితే లోటు పూడ్చుకోవడం. ఒకటే వేగం, రెండు ఖాతాలు.

ఖాతాలు కలిసే ప్రయత్నం మధ్యలో ఒకటి జరిగింది. 1986 జాతీయ విద్యా విధానం కింద జిల్లాకొక నవోదయ విద్యాలయం వచ్చింది. అప్పుడు కేంద్రంలో విద్య చూసే మంత్రి మళ్లీ పి.వి.నే. సర్వేలు ఆలోచనే దేశానికి విస్తరించింది, కాకపోతే ఈసారి మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయించారు. కర్నూలు జిల్లాకు బనవాసిలో, కడప జిల్లాకు రాజంపేట దగ్గర వచ్చాయి. అందరికీ ఒకే రకం మంచి బడి కావాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది వదిలేసి, కొందరిని ఏరుకోవడమేమిటని అప్పట్లో విమర్శలొచ్చాయి. నేనూ ఆ విమర్శ వైపే. అయినా నా స్కూలు పిల్ల పరీక్ష రాస్తానంటే దరఖాస్తు నింపిచ్చాను. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలొచ్చాయి, ఆడవాళ్ల అక్షరాస్యత తక్కువున్న మండలాల్లో బడి మానేసిన ఆడపిల్లలకోసం. 2011 జనాభా లెక్కల్లో కూడా కర్నూలు జిల్లా ఆడవాళ్లలో సుమారు సగం మందికి చదువు రాదు కాబట్టి మాకు అవి బాగానే వచ్చాయి. మళ్లీ రెండు ఖాతాలు. తెలివైన పిల్లకు నవోదయ, మానేసిన పిల్లకు కస్తూర్బా. ఆ ఇద్దరూ ఒకే పిల్ల కావచ్చునన్న ఊహ పథకం రాసేవాళ్లకు ఎప్పుడూ రాదు.

2008లో ట్రిపుల్ ఐటీలు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టింది. కడప జిల్లా ఇడుపులపాయలో, నూజివీడులో, బాసరలో. పదో తరగతి కాగానే యూనివర్సిటీలోకి. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే. ఇంటర్ కోసం కార్పొరేట్ కాలేజీ లేదు, ఎంసెట్ లేదు. అమెరికాలో ఇలా హైస్కూలు మధ్యలోంచే కాలేజీకి తీసుకున్న సైమన్స్ రాక్ అనే కాలేజీని ఎలిజబెత్ హాల్ అనే ఆమె ఆడపిల్లలకోసమే 1966లో మొదలుపెట్టింది. మన దగ్గర ఆడపిల్లలకోసమని పెట్టలేదు. కానీ ఒక మంచి పని చేశారు. కోచింగ్ తీసుకుంటే తప్ప గట్టెక్కని ఎంట్రెన్స్ పెట్టకుండా, పల్లె బడుల పిల్లలకు దక్కేలా పదో తరగతి మార్కుల్ని బట్టి తీసుకున్నారు. (కరోనాతో పదో తరగతి పరీక్షలు ఆగిపోయినప్పుడు మాత్రం ఎంట్రెన్స్ పెట్టారు.) కోచింగ్‌కు డబ్బు మగపిల్లవాడికే పెడతారు. మార్కులు మాత్రం పొయ్యి ముందు కూర్చుని కూడా తెచ్చుకోవచ్చు. ఈమధ్య ఏళ్ల ఎంపిక జాబితాల్లో అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువగా ఉంటున్నారు.

2008లో నేను ఆలూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉన్నాను. ఎండిన నేల. పంట చేతికి రాకపోతే ఊళ్లకు ఊళ్లు తాళాలేసుకుని సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీతకు. మా బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లకు ఇడుపులపాయలో సీటొచ్చింది. వాళ్ల నాయన బడికొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఆరేండ్లంటే పిల్లకు ఇరవై రెండు పడ్తాయి. అప్పుడు మాండ్లలో దీనికి మొగుణ్ణి యాడ తెచ్చేది?"

నేను ఆడపిల్ల హక్కుల గురించి ఉపన్యాసమివ్వలేదు. హాస్టలుంటుందన్నాను. చుట్టూ గోడ ఉంటుందన్నాను. గేటు దగ్గర కాపలా ఉంటుందన్నాను. తిండి, బట్ట వాళ్లే చూసుకుంటారన్నాను. ఆయన గోడకు ఒప్పుకున్నాడు, చదువుకు కాదు. నాకు సిగ్గుగానే ఉంది, అయినా మళ్లీ అదే చెబుతాను. పదహారు నుంచి ఇరవై రెండు వరకూ మా పల్లెల్లో ఆడపిల్లకు పెళ్లి కాకుండా ఉండటానికి వేరే సాకు లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఇరవైల మొదట్లో ఉన్న ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ముగ్గురు పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు. వేగంగా చదివించే చదువంటారు గానీ, మా పిల్లకు అది ఇచ్చింది వేగం కాదు, వాయిదా. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి మొదటి కొన్ని నెలలు ఫోన్లో ఏడ్చింది. తర్వాత ఏడుపు తగ్గింది, ఫోన్లు తగ్గాయి. 2014లో బయటికొచ్చి బెంగుళూరులో ఉద్యోగంలో చేరింది. పెళ్లి ఇరవై ఆరో ఏట, తనే చూసుకుంది. వాళ్ల నాయన ఆ పెళ్లికి వచ్చాడు, కొంచెం లేటుగా.

ఈ కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. సభల్లో చాలాసార్లు ఇక్కడే ఆపాను కూడా. కానీ ఆ ఏడాది మా బడిలో రెండో మార్కు తెచ్చుకున్న పిల్ల కూడా ఉంది. ఇద్దరికీ తేడా తొమ్మిది మార్కులు. ఫిబ్రవరిలో వాళ్లమ్మ సుగ్గికి పోతే, తమ్ముణ్ణి చూసుకోవడానికి మూడు వారాలు బడికి రాలేదు. ఆ తొమ్మిది మార్కులూ ఆ మూడు వారాలే. జాబితాలో పేరు రాలేదు. నేను మొదటి పిల్ల సర్టిఫికెట్లకోసం ఆలూరుకూ కర్నూలుకూ తిరుగుతున్న జూన్ నెలలోనే ఈ పిల్లకు పెళ్లయ్యింది. శుభలేఖ నా టేబుల్ మీదే ఉంది, కడప నుంచి తిరిగొచ్చాక చూశాను. ఏరడమంటే మిగిలినవాళ్లను చూడకపోవడం కూడానని నాకు ఎవరో చెప్పనక్కర్లేదు, నేనే ఏరాను.

తర్వాతి ఏళ్లలో ప్రభుత్వ బడి పిల్లలకు "డిప్రివేషన్" కింద గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. మంచిదే. తమ్ముణ్ణి ఎత్తుకున్నందుకు ఎంత కలపాలో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

2025లో రిటైరయ్యాను. అంతకు ముందు ఏడాది ఆ రెండో పిల్ల బడికొచ్చింది. ముప్పై దాటింది. తొమ్మిదో తరగతిలో ఉన్న కూతురు పక్కన నిలబడింది.

"మేడమ్, ట్రిపుల్ ఐటీకి ఎన్ని మార్కులు కావాల?"

ఆరు వందలకు ఎన్ని వస్తే ఆశ పెట్టుకోవచ్చో చెప్పాను. ప్రభుత్వ బడి పిల్లలకు మార్కుల్లో నాలుగు శాతం కలుస్తుందన్నాను. కోచింగ్ అక్కర్లేదన్నాను. కూతురి నోటుపుస్తకం చివరి పేజీలో ఆ అంకె రాసుకుంది. అవే గుండ్రటి అక్షరాలు. కాసేపు దాన్ని చూసి, "ఫిబ్రవరిలో సుగ్గికి నేనొక్కదాన్నే పోతా లే మేడమ్" అంది. "చిన్నోణ్ణి నాతోనే తీస్కపోతా. దీన్ని మాయమ్మ దగ్గర పెడతా."